ముక్కేమంటోంది, లోవా?

గోదావరి మీంచి తెల్లవారుజామున గాలి మొదలవుతుంది. కొవ్వూరు రేవుకి నాలుగడుగుల దూరంలో ఉన్న అచ్చిబాబు గారి మెస్సు వెనక తలుపు తీస్తే చాలు, చెప్పాపెట్టకుండా వంటింట్లోకి వచ్చేస్తుంది. ఒకప్పుడు ఆ గాలి వట్టి చేతులతో వచ్చేది కాదు. తడి ఇసక వాసన తెచ్చేది, నాచు వాసన తెచ్చేది, అవతలి ఒడ్డున ఎవరో తగలబెట్టిన ఆకుల పొగ తెచ్చేది. ఇప్పుడు ఉత్తినే వస్తోంది. లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చి చూసింది. చల్లగా ఉంది. అంతే.

మూణ్ణెల్లయింది. మాఘమాసంలో ఊరంతా తిరిగిన జ్వరం లోవలక్ష్మినీ, ఆమె దగ్గర పనిచేసే మెర్సీనీ ఒకే వారంలో మంచాన పడేసింది. మెస్సు ఆరు రోజులు మూతపడింది. ఏడో రోజున లోవలక్ష్మి వచ్చి పోపు పెట్టింది. ఇంగువ వేసింది. ఏమీ రాలేదు. ఇంగువ కల్తీదేమోనని డబ్బా మార్చింది. అప్పుడూ రాలేదు. అప్పుడు తెలిసింది, కల్తీ ఇంగువలో లేదని.

అప్పట్నుంచీ ఆమెకి రోజులన్నీ నిద్రలో నడిచినట్టే ఉన్నాయి. ఉల్లిపాయలు వేగుతుంటాయి, ఎక్కడో పక్క వీధిలో వేగుతున్నట్టుంటుంది. చేతులు మాత్రం పని మర్చిపోలేదు. ఆవాలు చిటపటలాడటం ఆగాక రెండంకెలు లెక్కపెట్టి ఇంగువ వేస్తుంది. పప్పు ఉడుకు చప్పుడు బొంగురుపోతే గరిటె తిప్పుతుంది. చెవులతో, కళ్ళతో, వేళ్ళతో వంటంతా నెట్టుకొస్తోంది. ఒక్కదాని దగ్గరే ఆ పప్పులుడకవు. అది మూలనున్న తరవాణి కుండ.

వేసంకాలం వస్తే అచ్చిబాబు గారి మెస్సుకి జనం వచ్చేది ఇడ్లీ కోసం కాదు. పొద్దున్నే ఒక గ్లాసుడు తరవాణి తాగి, అందులో నానిన అన్నం పచ్చిమిరపకాయతో తినిపోతే మధ్యాహ్నందాకా ఎండ ఏమీ చెయ్యలేదని ఈ వైపు నమ్మకం. గంజీ, అన్నం, ఉప్పు, నాలుగు దబ్బాకులు వేసి పులియబెడతారు. ఆ కుండ అచ్చిబాబు గారి తల్లి పెట్టింది. ఆవిడ పోయి పాతికేళ్ళు. ఏనాడూ ఆ కుండ అడుగంటా ఖాళీ అవలేదు. రోజూ పైది తీస్తారు, కొత్త గంజి పోస్తారు, అడుగున పాతది ఉండనే ఉంటుంది. దాన్ని ఎవరూ రుచి చూడకూడదు. ఎంగిలి తగిలితే కుండ చెడుతుందని ఆవిడ పెట్టిన కట్టడి. మరి బాగుందో చెడిందో ఎలా తెలియాలి? వాసన చూడాలి. అందుకే ఆ కుండకి ఒక ముక్కు కావాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ముక్కు లోవలక్ష్మిది.

"లోవా! ముక్కేమంటోంది?"

గల్లాపెట్టె దగ్గర్నుంచి అచ్చిబాబు గారి కేక. ఆయన దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, కుర్చీలో కూర్చుని వేసే మొదటి కేక అది. ఆ కేక వినడానికే ముందుగా వచ్చి కూర్చునే బేరాలు కొన్ని ఉన్నాయి.

లోవలక్ష్మి కుండ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. వంగింది. లోపల తెల్లగా, నిశ్చలంగా ఉంది. పీల్చింది. నూతిలోకి తొంగి చూసినట్టే ఉంది.

"మెర్సీ, ఇలా రావే," అంది గొంతు తగ్గించి. "ఇవాళ దబ్బాకు ఎంత బాగా దిగిందో చూడు."

మెర్సీ గ్లాసులు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ, నవ్వెక్కువ. కుండ మీదికి వంగి, కళ్ళు అరమోడ్చి, తల పైకెత్తి, "అబ్బ! ఘుమఘుమలాడిపోతోందక్కా," అంది.

లోవలక్ష్మి గుండె కుదుటపడింది. "బాగుందంటోందండీ!" అని బయటికి కేకేసింది.

"విన్నారా?" అన్నాడు అచ్చిబాబు, ఎదురుగా ఉన్న రామచంద్రమూర్తి మాస్టారితో. "మా లోవ ముక్కుకి ఐఎస్‌ఐ మార్కు వేయించాలండి!"

మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయిన ఒంటరి మనిషి. పొద్దున్న గ్లాసుడు తరవాణి ఆయనకి ఏళ్ళ నాటి అలవాటు. లోవలక్ష్మి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చింది. కాసేపటికి గ్లాసు తీసుకురావడానికి వెళ్తే అందులో సగం అలాగే ఉంది.

"ఏంటి మాస్టారూ, వదిలేశారు?"

"ఏం లేదమ్మా. వయసు," అన్నాడాయన, అదేదో తన తప్పయినట్టు.

బేరాలు పల్చబడ్డాక అచ్చిబాబు ఆమెని పిలిచాడు. చేతిలో ఫోను, మొహంలో విసుగు. "లైసెన్సు రెన్యువలుకి వెళ్తే కొత్త మెలిక పెట్టేరు లోవా. వంటింట్లో పనిచేసేవాళ్ళల్లో ఒకరు ట్రైనింగు అవ్వాలంట. ఎల్లుండి గురువారం రాజమండ్రిలో, ఒక్క రోజే. సర్టిఫికెట్టు ఇస్తారు. గోడకి తగిలించాలంట. నీ పేరు ఇచ్చేశాను."

"నేనేంటండీ బాబుగారూ? నాకు చదువేదండీ?"

"తెలుగులోనే చెప్తారులే. నీ ముక్కుకి సర్టిఫికెట్టు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

ఆయన నవ్వాడు. లోవలక్ష్మి కూడా నవ్వాలని చూసింది, మూతి కదల్లేదు.

*

బుధవారం ఎలా గడిచిందో ఆమెకి సరిగ్గా తెలియదు. మెర్సీ వాళ్ళ చర్చిలో ఎవరో చెప్పారట, ట్రైనింగులో పరీక్షలుంటాయని. గోళ్ళు చూస్తారట, కళ్ళు చూస్తారట. చిన్న చిన్న సీసాల మూతలు తీసి ముక్కు దగ్గర పెట్టి, ఇదేంటో చెప్పమంటారట.

"నిజంగానే వాసన చూపిస్తారంటావా?"

"అలాగే అన్నారక్కా. చెప్పలేనివాళ్ళని వంటింట్లోకి రానివ్వరంట." మెర్సీ గొంతులో కూడా ఏదో భయం ఉంది. లోవలక్ష్మికి అది వినపడలేదు. తన భయం చప్పుడే ఆమెకి చెవుల నిండా ఉంది.

ఆ మధ్యాహ్నం వెనక వసారాలో ఆవకాయకి ముక్కలు కొట్టించారు. చాపల మీద ఆరబెట్టిన మామిడిముక్కల్లో లోవలక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని జీడి తీస్తూ, పొర గీకుతూ ఉంది. ఎండ నీడలోకి కారుతోంది. ఎక్కడో రైలు బ్రిడ్జి ఎక్కిన మోత. ఉన్నట్టుండి ఆమెకి వాసన వచ్చింది. మామిడి వాసన కాదు. వాన పడ్డ మొదటి క్షణంలో మట్టి లేచే వాసన. ఎంత స్పష్టంగా వచ్చిందంటే ముక్క వదిలేసి ఆకాశం వంక చూసింది. మబ్బు తునక కూడా లేదు. వాసన మూడు ఊపిరులసేపు ఉండి, ఎలా వచ్చిందో అలా పోయింది. మధ్యమధ్య ఇలా జరుగుతోంది. లేని వాసనలు వస్తున్నాయి, ఉన్నవి రావడం లేదు. ఒకరోజు పిఠాపురంలో పుట్టింటి పెరట్లోని పొన్నపూలు వాసనేశాయి. ఆ చెట్టు కొట్టేసి ముప్పై ఏళ్ళు.

ఈ సంగతి ఎవరికి చెప్పాలి? చెబితే ఏమవుతుంది? పద్దెనిమిదేళ్ళుగా ఈ మెస్సులో ఆమెకున్న పేరల్లా ముక్కే. ముక్కు లేని లోవలక్ష్మి ఎవరికి కావాలి? ఉద్యోగం ఒక్కటే కాదు ఆమె దిగులు. ఆ తెల్లటి కుండలో ఏమవుతోందో తనకి తెలియకుండా పాతికమంది తాగిపోతున్నారే అన్న దడ ఒకటుంది. అది వచ్చినప్పుడల్లా మెర్సీ ఉందిలే అని సర్దిచెప్పుకుంటుంది. మెర్సీది పడుచు ముక్కు. బాగుందంటే బాగున్నట్టే.

*

గురువారం పొద్దున్న ప్యాసింజరు బ్రిడ్జి మీద నెమ్మదిగా పోయింది. వైశాఖం గోదావరి పల్చగా, ఇసకతిప్పల మధ్య దారి వెతుక్కుంటూ పోతోంది. పడవొకటి కదులుతోందో ఆగిందో తెలియకుండా ఉంది. కిటికీ పక్క కూర్చుని చూస్తుంటే ఈ రైలు అవతలి ఒడ్డుకి ఎప్పటికీ చేరకపోతే బాగుండునని అనిపించింది లోవలక్ష్మికి. చేరింది. గోదావరి స్టేషన్లో దిగి, అడుక్కుంటూ అడుక్కుంటూ హాలు పట్టుకుంది.

నలభైమంది దాకా ఉన్నారు. బిర్యానీ పాయింట్లవాళ్ళు, టిఫిన్ బళ్ళవాళ్ళు, స్వీటు దుకాణాలవాళ్ళు. చెప్పేది ఫణిశ్రీ అనే అమ్మాయి. సన్నగా, కళ్ళద్దాలు, అమలాపురం వైపు మాట. చేతులు ఎలా కడగాలో చూపించింది. పచ్చిమాంసం కత్తితో ఉల్లిపాయలు తరగకూడదంది. వండింది వేడిగానన్నా ఉంచాలి, చల్లగానన్నా ఉంచాలి, గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అందులో కంటికి కనపడనివి పిల్లల్ని పెడతాయంది. అందరూ నవ్వారు. లోవలక్ష్మి నవ్వలేదు, సీసాలెక్కడున్నాయా అని బల్ల వైపే చూస్తోంది.

సీసాలు రాలేదు. భోజనాల ముందు రెండు స్టీలు గిన్నెలు వచ్చాయి. రెండింట్లోనూ పప్పుచారు.

"ఇందులో ఒకటి ఇప్పుడే దింపింది. ఇంకోటి తెల్లవారుజామున దింపి, మూతపెట్టి అలాగే బయట వదిలేసింది. రెండూ ఒకే వేడికి తెచ్చాం. వాసన చూసి ఏది తినకూడదో చెప్పండి."

గిన్నెలు వరస వెంట బయల్దేరాయి. లోవలక్ష్మి అయిదో వరసలో ఉంది. మొదటివాడు ఎడమది అన్నాడు. రెండోవాడు కుడిది అన్నాడు. ఒక బిర్యానీ మాస్టరు కళ్ళు మూసుకుని, రెండుసార్లు చూసి, "కుడిది మేడం, పక్కా," అన్నాడు. ఒక్కొక్కరూ ధీమాగా చెబుతున్నారు. గిన్నెలు దగ్గరికొస్తున్న కొద్దీ లోవలక్ష్మి కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. పక్కనున్న అచ్చు మెర్సీలాంటి మనిషిని అడగబోయి ఊరుకుంది. ఇక్కడ మెర్సీ లేదు.

వంగింది. ఎడమ గిన్నె. ఏమీ లేదు. కుడి గిన్నె. ఏమీ లేదు. అబద్ధం చెప్పాలన్నా ఏ అబద్ధం చెప్పాలో తెలియలేదు.

"రెండూ ఒకలాగే ఉన్నాయండి," అంది నేలచూపులు చూస్తూ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫణిశ్రీ కళ్ళద్దాలు సర్దుకుని, "అమ్మా, మీ పేరేంటి?" అంది.

అయిపోయింది అనుకుంది లోవలక్ష్మి. "లోవలక్ష్మండి."

"లోవలక్ష్మి గారు ఒక్కరే కరెక్టుగా చెప్పారు! వాసనలో తేడా లేదు. తేడా ఉందని మీరంతా ఊహించుకున్నారు. మనిషిని జబ్బు చేసేది చాలాసార్లు వాసన రాదండి. వాసన వచ్చిందంటే అది మన అదృష్టం. ముక్కుని నమ్ముకుని వడ్డించకండి. టైము రాసుకోండి, వేడి కొలవండి." చప్పట్లు కొట్టింది. హాలంతా చప్పట్లు కొట్టారు. "ఏం ముక్కండీ మీది!" అన్నాడు బిర్యానీ మాస్టరు భుజం మీంచి వంగి.

లోవలక్ష్మికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. జీవితంలో ఆమెకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇప్పుడు కొట్టారు, లేనిదానికి.

భోజనాలయ్యాక ఫణిశ్రీ ఒంటరిగా ఉన్నప్పుడు దగ్గరికెళ్ళింది. "అమ్మా, తరవాణి సంగతేంటండి? అది బయటే ఉంటుంది కదండీ, పులవాలి కదండీ?"

ఫణిశ్రీ మొహం మెత్తబడింది. "మా అమ్మమ్మ ఇచ్చేదండి, దబ్బాకు వేసి. పులియడం తప్పు కాదు. పులిసింది వేరు, చెడింది వేరు. నేనైతే ఏం చెప్తానంటే, కుండ ఎప్పటికప్పుడు పూర్తిగా ఖాళీ చెయ్యండి. మరిగే నీళ్ళతో కడిగి ఎండబెట్టండి. కొత్తది వేసిన రోజు రాసిపెట్టండి. మీ కుండ ఖాళీ చేసి ఎన్నాళ్ళయింది?"

లోవలక్ష్మి నోరు తెరిచింది. పాతికేళ్ళు అన్న మాట బయటికి రాలేదు.

"మరి... ముక్కు పనిచెయ్యనివాళ్ళు వంట చెయ్యొచ్చాండి?" అంది, అడగదలుచుకున్నది అడగకుండానే అడిగేసి.

ఫణిశ్రీ ఆమె వంక కొంచెంసేపు చూసింది. సంచీలోంచి పెన్నులా సన్నగా ఉన్నదొకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. చివర ఉక్కు పుల్ల, పైన అంకెలు కనపడే చిన్న అద్దం. "ఇది అన్నంలో గుచ్చితే వేడి ఎంతో అంకె చూపిస్తుందండి. వడ్డించేదాకా అరవై అయిదుకి తగ్గకూడదు. దీనికి ముక్కు అక్కర్లేదు. కానీ మీతో పనిచేసేవాళ్ళకి మాత్రం సంగతి చెప్పి తీరాలి."

*

ఆమె తిరిగొచ్చేసరికి చప్పట్ల సంగతి ముందే వచ్చేసింది. ఆ హాల్లో ఉన్న బిర్యానీ మాస్టరు అచ్చిబాబుకి తెలిసినవాడట. "నలభైమందిలో ఒక్క మా లోవే!" అని అచ్చిబాబు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెబుతున్నాడు. "సర్టిఫికెట్టు వచ్చాక ఫోటోతో సహా గల్లాపెట్టె మీద పెడతాను," అన్నాడు. ఆమె తలూపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన ఇంటికెళ్ళాక ఇద్దరూ గిన్నెలు తోముతూ కూర్చున్నారు. మసక వెలుతురు వెనక వసారా నిండా పరుచుకుంది. మెర్సీ పీచుతో గంగాళం రుద్దుతోంది. లోవలక్ష్మి బూడిద చేతులతోనే ఆగిపోయింది.

"మెర్సీ, నీకో మాట చెప్పాలే."

"చెప్పక్కా."

"నాకు వాసన రావట్లేదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ. మూణ్ణెల్లుగా నీ ముక్కుతోనే ఆ కుండని నెట్టుకొస్తున్నాను. నువ్వు బాగుందన్న తర్వాతే నేను బాగుందన్నాను. నిన్ను వాడుకున్నానే. నాకు సిగ్గుగా ఉంది."

పీచు చప్పుడు ఆగిపోయింది. మెర్సీ తల ఎత్తలేదు. గంగాళంలో తన మొహం వంకే చూస్తోంది. కోపమొచ్చిందేమో అనుకుంది లోవలక్ష్మి.

"అక్కా," అంది మెర్సీ చివరికి. "నాకూ రావట్లేదు."

"ఏంటీ?"

"నాకూ అప్పుడే పోయింది. చెబితే తీసేస్తారని చెప్పలేదు. నువ్వు పిలిచి, ఎంత బాగుందో చూడవే అనేదానివి. నీ ముక్కంత ముక్కు బాగుందంటే ఇంక లోటేముందని, నేనూ బాగుందన్నాను."

ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ముందు లోవలక్ష్మికి నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు, కళ్ళమ్మట నీళ్ళొచ్చే నవ్వు. మెర్సీ కూడా నవ్వింది, బూడిద చేత్తో నోరు మూసుకుని. నవ్వుతూ నవ్వుతూనే ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మూణ్ణెల్లు. రోజుకి పాతికమంది.

"యేసయ్యా," అంది మెర్సీ.

లోవలక్ష్మి లేచింది. ఇంకేమీ ఆలోచించలేదు. కుండ చెరో పక్కా పట్టుకుని వసారా చివరికి మోశారు. వంచారు. తెల్లటి నీళ్ళు మసకలో మెరుస్తూ కాలవలోకి జారాయి. వెనకాల చిక్కగా, తర్వాత ముద్దలుగా, అడుగున నల్లటి బురదలాంటిది ఒకటి, పాతికేళ్ళ నాటిది, రానని మొండికేసి చివరికి ఊడిపడింది. అది ఎలాంటి వాసన వేస్తోందో ఆ ఇద్దరికీ తెలియదు. గోడ మీది పిల్లి మాత్రం లేచి వెళ్ళిపోయింది.

*

"లోవా! ముక్కేమంటోంది?"

శుక్రవారం పొద్దున్న. అగరొత్తి పొగ, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, కేక.

"లోవా?"

మరిగే నీళ్ళతో కడిగిన కుండ వెనక వసారాలో బోర్లించి ఉంది. లోవలక్ష్మి చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది. బేరాలు పదిమంది దాకా ఉన్నారు. మాస్టారు తన మూల కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అనుకున్న మాటలన్నీ మాయమైపోయాయి. ఒక్క మాటే మిగిలింది.

"ముక్కు ఏమీ అనట్లేదండి బాబుగారూ. మూణ్ణెల్లుగా ఏమీ అనట్లేదు."

అచ్చిబాబు నవ్వబోయి ఆగాడు. ఆమె చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది, రాజమండ్రిలో ఇచ్చిన పుల్ల సంగతి చెప్పింది. మెర్సీ పేరు చెప్పలేదు, మెర్సీయే తలుపు దగ్గరికొచ్చి "నాకూ అంతేనండి" అంది. కుండ పారబోశామని చెప్పేసరికి ఆయన లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ కుండ! ఎవర్నడిగి పారబోసేరు?" వసారా వైపు చూశాడు. "అడుగు దాకానా?"

"అడుగు దాకానండి."

అప్పుడు మాస్టారు దగ్గాడు.

"అచ్చిబాబూ, చెప్పొచ్చో లేదో గానీ... చాలా రోజులుగా అది తేడాగానే ఉందయ్యా. ఒక్కోరోజు గ్లాసు నోటిదాకా తేలేకపోయేవాణ్ణి. రెండుసార్లు కడుపు పాడై మంచాన పడ్డాను."

"మరి చెప్పొద్దాండీ?" లోవలక్ష్మి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. "ఒక్క మాట అనొద్దా మాస్టారూ?"

"ఎలా అంటానమ్మా? నువ్వు బాగుందని రోజూ కేకేసి చెబుతున్నావు. నీ ముక్కు తప్పు చెబుతుందా? నా ముక్కే ముసలిదైపోయిందనుకున్నాను."

వెనక బల్ల దగ్గర ఎవరో "నేనూ అదే అనుకున్నానండి," అన్నారు మెల్లిగా. ఇంకొకాయన తలూపాడు.

లోవలక్ష్మి అక్కడ నిలబడలేకపోయింది. లోపలికి వచ్చేసింది. మాస్టారి మంచం, ఆయనకి నీళ్ళందించేవాళ్ళు కూడా లేని ఇల్లు కళ్ళముందు కదిలి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మెర్సీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి లోవలక్ష్మి మొహం కడుక్కుంది. మేకుకున్న సంచీ తీసుకుంది. చెప్పులెక్కడున్నాయా అని చూసుకుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దాన్ని అలా వదిలేసి ఎలా వెళ్ళడం? ఇదొక్కటీ దింపి వెళ్దామని మళ్ళీ సంచీ పక్కన పెట్టింది.

పప్పు దింపింది, గరిటెతో మెదపసాగింది. గోదావరి గాలి వచ్చి పొయ్యి మంటని వంచి, వదిలేసి పోయింది. కుర్చీ కిర్రుమంది. ఆయన కూర్చున్నాడో, లేచి వస్తున్నాడో తెలియలేదు.

"లోవా!"

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

అచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు. కేక ముందులాగే మొదలైంది గానీ మధ్యలో మాట కోసం తడుముకుంది. "ఆ రాజమండ్రి పుల్ల... అదేమంటోంది?"

మెర్సీ అప్పటికే పుల్ల మరిగే నీళ్ళల్లో ముంచి తీసి అందించింది. లోవలక్ష్మి దాన్ని పప్పులో గుచ్చింది. అద్దంలో అంకెలు ఎక్కుతున్నాయి. నలభై. అరవై. తొందరపడలేదు. అంకె నిలబడేదాకా ఆగింది.

"ఎనభై రెండంటోందండీ!" అని కేకేసింది.

మెర్సీ ఆ పొద్దున్నే తెచ్చి గోడకి తగిలించిన పలక మీద సుద్దముక్కతో టైము వేసి, దాని పక్కన ఎనభై రెండు రాసింది.